మూత్రాశయం ఎందుకు మాట వినదు?

డెబ్బై దాటిన పెద్దాయన. ప్రొస్టేట్ గ్రంథి కాస్త పెరిగింది, ధార సన్నబడింది, అయినా రోజులు గడిచిపోతున్నాయి. చలికాలంలో జలుబు చేస్తే వీధి చివర మందుల దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకుంటాడు. రెండు మాత్రలు పడేసరికి ముక్కు కారడం ఆగుతుంది. తెల్లవారేలోపు మూత్రం కూడా ఆగిపోతుంది. పొత్తికడుపు ఉబ్బి, కూర్చోలేక, పడుకోలేక ఆసుపత్రికి చేరితే డ్యూటీ డాక్టరు గొట్టం వేస్తాడు. అర లీటరుకు పైగా మూత్రం బయటికి వస్తుంది. కాస్త అనుభవం ఉన్న డాక్టరైతే వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: "జలుబు మాత్ర ఏమైనా వేసుకున్నారా?"

ఆ మాత్రల్లో పారాసిటమాల్ కాక సాధారణంగా మరో రెండు మందులు ఉంటాయి. ఒకటి క్లోర్‌ఫెనిరమైన్. హిస్టమిన్‌ను అడ్డుకుని తుమ్ములు తగ్గించడం దాని పని. కానీ అంతటితో ఊరుకోదు, మూత్రాశయ కండరాన్ని ముడుచుకోమని చెప్పే ఎసిటైల్‌కోలిన్‌కు కూడా కొంత అడ్డుపడుతుంది. రెండోది ఫినైల్‌ఎఫ్రిన్. ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగించడానికి దాన్ని కలుపుతారు. అది పట్టుకునే ఆల్ఫా-1 గ్రాహకాలు (రసాయన సందేశాన్ని అందుకునే కణాల మీది ప్రోటీన్లు) మూత్రాశయం మెడ దగ్గర, ప్రొస్టేట్ కండరంలో కూడా దండిగా ఉన్నాయి కాబట్టి అక్కడా బిగిస్తుంది. ఒకపక్క నెట్టే కండరం నీరసించింది, మరోపక్క దారి ఇరుకైంది. అప్పటికే అంతంతమాత్రంగా నెట్టుకొస్తున్న మూత్రాశయం చేతులెత్తేయడానికి ఇంకేం కావాలి?

మూత్ర సమస్య అనగానే సంచి చిన్నదైందనో, వదులైందనో అనుకుంటాం. చాలామందిలో సంచికి వచ్చిన లోటేమీ ఉండదు. దానికి చేరే రసాయన సందేశాల్లోనో, దాని నుంచి వెళ్లే సందేశాల్లోనో తేడా వచ్చి ఉంటుంది. ఆ తేడా ఎక్కడో తేల్చకుండా, "మాటిమాటికీ వస్తోంది" అన్న ఒక్క ఫిర్యాదుకు మందు రాసేయడం వైద్యంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ మందు కొందరికి పనిచేయడం, కొందరికి చేయకపోవడం వెనుక ఉన్నది ఇదే.

పెద్దవారి మూత్రాశయం దాదాపు 400 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టుకుంటుంది. రోజులో ఎక్కువ సేపు దాని పని నింపుకోవడమే. ఆ సమయంలో, మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నాడుల నుంచి నారడ్రినలిన్ విడుదలవుతుంది. ఆ ఒక్క రసాయనమే రెండు చోట్ల రెండు వేర్వేరు పనులు చేస్తుంది. సంచి గోడలోని బీటా-3 గ్రాహకాల మీద పడి కండరాన్ని సడలిస్తుంది, మెడ దగ్గరి ఆల్ఫా-1 గ్రాహకాల మీద పడి దారి మూస్తుంది. ఖాళీ చేయాల్సిన సమయం వచ్చినప్పుడు మెదడు కాండంలోని ఒక చిన్న కేంద్రం ఆదేశమిస్తుంది. బారింగ్‌టన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1925లో పిల్లుల మీద ప్రయోగాలు చేసి దాని జాడ చెప్పాడు. ఆదేశం అందగానే సింపథెటిక్ నాడులు వెనక్కి తగ్గుతాయి, పారాసింపథెటిక్ నాడులు ఎసిటైల్‌కోలిన్ వదులుతాయి. అది కండర కణాల మీద ఉన్న మస్కరినిక్ గ్రాహకాలను తాకుతుంది. వీటిలో సంఖ్యలో ఎక్కువ ఉన్నవి ఎం2 రకం, పని చేసేది ప్రధానంగా ఎం3 రకం. ఎం3 కదిలితే కణంలో కాల్షియం పెరుగుతుంది, కాల్షియం పెరిగితే కండరం ముడుచుకుంటుంది.

ఈ ఎం3 గ్రాహకం ఎంత ముఖ్యమో తెలియాలంటే మన పొలాల దగ్గరే రెండు విషాలు ఉన్నాయి.

మొదటిది ఉమ్మెత్త. దాని గింజల్లో అట్రోపిన్, స్కోపోలమిన్ ఉంటాయి. పొరపాటున తిన్నవారికి నోరు ఎండిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, ఒళ్లు కాలిపోతుంది, పిచ్చిగా మాట్లాడతారు. వీటితోపాటు అంతగా ఎవరూ చెప్పుకోని లక్షణం మూత్రం బిగుసుకుపోవడం. ఎసిటైల్‌కోలిన్ విడుదలవుతూనే ఉంటుంది, దాని చోటును అట్రోపిన్ ఆక్రమించి కూర్చుంటుంది. రెండోది మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు. సరైన రక్షణ లేకుండా పిచికారీ చేసిన రైతుకు చొంగ, కన్నీరు, చెమట ధారగా కారతాయి, కనుపాపలు సూదిమొనంత అవుతాయి, తెలియకుండానే మూత్రం పోతుంది. పని అయిపోయిన ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆ మందు పనిచేయనివ్వదు, దాంతో ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి ప్రతి గ్రాహకాన్నీ వదలకుండా తాకుతుంది. దానికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు అట్రోపిన్, అంటే ఉమ్మెత్తలో ఉన్నదే. గుంటూరు, వరంగల్ వంటి చోట్ల పెద్దాసుపత్రుల్లో పనిచేసిన వైద్యులకు ఇది కొట్టిన పిండి. అట్రోపిన్ మోతాదు పెరిగేకొద్దీ అదే రోగికి మూత్రం ఆగిపోయి గొట్టం వేయాల్సి రావడం కూడా వారికి తెలుసు. మూత్రం అదుపు తప్పడం, అసలే రాకపోవడం రెండూ ఒకే గ్రాహకం దగ్గర, ఒకే మంచం మీద, ఒకటి రెండు రోజుల తేడాలో కనిపిస్తాయి.

ఎం3 గ్రాహకపు జన్యువే పుట్టుకతో చెడిపోతే ఏమవుతుందో కూడా తెలిసింది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒకే కుటుంబంలోని మగపిల్లలకు ఖాళీ చేసుకోలేని మూత్రాశయంతో పాటు కనుపాప సరిగా కుంచించుకోకపోవడం, నోరు ఎండిపోవడం ఉన్నట్టు చూశారు. ఉమ్మెత్త తిన్నవారి లక్షణాలే, కాకపోతే జీవితాంతం ఉండేవి.

ఇంతవరకు కథ కండరం చుట్టూ తిరిగింది. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం కండరం దగ్గరే ఆగింది. అతిచురుకు మూత్రాశయం అన్న మాటనే చూడండి. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది ఒక లక్షణాల గుంపు: ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా రావడం, దానికి తోడుగా పగలు మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, రాత్రి నిద్ర లేవాల్సి రావడం. కొందరిలో కారిపోవడం కూడా ఉంటుంది. కారణం ఏమిటన్నది ఆ నిర్వచనంలో లేదు. కానీ "అతిచురుకు" అనడంతోనే కండరం అదేపనిగా ముడుచుకుంటోందన్న అర్థం మనసులో పడిపోతుంది. మందుల కంపెనీలకు ఇది బాగా కలిసొచ్చిన పేరని నా అభిప్రాయం. కండరాన్ని నెమ్మదింపజేసే మాత్ర చేతిలో ఉన్నప్పుడు కండరమే దోషి అయితే అమ్మడం తేలిక.

సంచి లోపలి గోడకు యూరోథీలియం అనే పొర ఉంది. దాని పై వరుసలోని పెద్ద కణాలను గొడుగు కణాలంటారు. వాటి ఉపరితలాన్ని యూరోప్లాకిన్ అనే ప్రోటీన్లు పలకలుగా కప్పి ఉంచుతాయి. యూరియా, పొటాషియం, ఆమ్లం నిండిన మూత్రం గంటల తరబడి నిలవ ఉన్నా ఒంట్లోకి ఇంకిపోకుండా ఆపేది ఈ పొర. చాలాకాలం దీన్ని నీరు దిగని అస్తరుగానే లెక్కగట్టారు. 1997లో కుందేలు మూత్రాశయం లోపొరను సాగదీసి చూసినప్పుడు అది ఏటీపీ విడుదల చేస్తున్నట్టు తేలింది. కణాలకు శక్తినిచ్చే పదార్థంగా మనం పాఠ్యపుస్తకంలో చదువుకున్న ఏటీపీయే అది. ఇక్కడ అది సందేశంగా పనిచేస్తోంది. సంచి నిండేకొద్దీ పొర సాగుతుంది, ఏటీపీ బయటికి వస్తుంది, పొర కింద ఉన్న జ్ఞాననాడుల చివరల మీది పీ2ఎక్స్3 అనే గ్రాహకాన్ని తాకుతుంది, వెన్నుపాముకు కబురు వెళ్తుంది. 2000లో ఈ గ్రాహకం లేని ఎలుకలను తయారుచేసి చూస్తే, వాటి మూత్రాశయాలు మామూలు కంటే ఎక్కువ నిండితే గానీ స్పందించలేదు.

ఏటీపీ సందేశవాహకం కావచ్చని మొదట గట్టిగా అన్నది జెఫ్రీ బర్న్‌స్టాక్, 1972లో. అంత సర్వసాధారణమైన పదార్థాన్ని నాడులు సందేశానికి వాడతాయంటే తోటి శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు నమ్మలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రాశయంలో కండరాన్ని ముడిచే పని దాదాపు అంతా ఎసిటైల్‌కోలిన్‌దే కాబట్టి వారి సందేహానికీ కొంత ఆధారం ఉంది. అయితే దారి మూసుకుపోయిన మూత్రాశయంలో, అతిచురుకు మూత్రాశయంలో ఏటీపీ వాటా పెరుగుతుంది. అలాంటి కండరం ముక్కకు అట్రోపిన్ పెట్టినా కొంత ముడుచుకుంటూనే ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్‌ను ఆపే మాత్ర కొందరికి ఎందుకు సరిపోదో చెప్పే కారణాల్లో ఇదొకటి.

సాగడాన్ని పొర ఎలా పసిగడుతుంది? ఈ ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఆర్డెమ్ పటపౌటియన్ బృందం 2010లో కనిపెట్టిన పీజో ప్రోటీన్ల నుంచి వచ్చింది. కణం పైపొర మీద ఒత్తిడి పడితే తెరుచుకునే అయాన్ ద్వారాలు అవి. ఆ పనికే ఆయన 2021లో డేవిడ్ జూలియస్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. పీజో2 ప్రోటీన్ యూరోథీలియంలోనూ, మూత్రాశయపు జ్ఞాననాడుల్లోనూ ఉందని 2020లో చూపించారు. ఆ జన్యువు పనిచేయని మనుషులు కొద్దిమంది ఉన్నారు. వారు కళ్లు మూసుకుంటే తమ చేతులు కాళ్లు ఎక్కడున్నాయో చెప్పలేరు. మూత్రం విషయంలోనూ అంతే, రోజులో ఎక్కువ భాగం వెళ్లాలన్న ఊసే ఉండదు, కొందరు గడియారం చూసి వేళకు వెళ్తారు. వారి కండరం బాగానే ఉంది. నిండిందన్న వార్తే సరిగా అందడం లేదు.

ఇక్కడ తొందరపడకూడదు. పీ2ఎక్స్3ను అడ్డుకుంటే ఆపుకోలేని బాధ తగ్గిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలాంటి ఒక మందును రోగుల మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైన ఫలితం రాలేదు. ఎలుకలో ఒక తలుపు మూస్తే ఆగిన పని మనిషిలో మరో దారి చూసుకుంటుంది.

జూలియస్ కనిపెట్టినది మిరపకారం గ్రాహకం, టీఆర్‌పీవీ1. నాలుకను మండించే క్యాప్సైసిన్‌ను పట్టుకునే ఈ ప్రోటీన్ మూత్రాశయపు సన్నని సీ-నాడీ తంతువుల మీద కూడా ఉంది. మామూలుగా ఈ తంతువులు పెద్దగా నోరు విప్పవు, వాపు, నొప్పి వంటి వేళల్లోనే కదులుతాయి. వెన్నుపాముకు దెబ్బ తగిలాక పరిస్థితి మారుతుంది. మెదడు కాండం నుంచి వచ్చే అదుపు తెగిపోతుంది, కొన్ని వారాల్లో సీ-తంతువులు వెన్నుపాములోనే కొత్త దారి ఏర్పరుచుకుంటాయి. నాడుల ఎదుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీన్ ఈ మార్పును ఎగదోస్తుంది. కొద్దిగా నిండగానే సంచి ముడుచుకుంటుంది, అదే క్షణంలో దారి కూడా బిగుసుకుంటుంది. లోపల పెరిగే ఒత్తిడి మూత్రపిండాల మీద పడుతుంది. అలాంటివారి మూత్రాశయంలోకి క్యాప్సైసిన్ ద్రావణం ఎక్కించి సీ-తంతువులను మొద్దుబార్చే చికిత్సను కొన్నాళ్లు ప్రయత్నించారు. పనిచేసింది, కానీ ఎక్కించేటప్పటి మంట భరించడం ఎవరితరం?

ఆ చోటును తర్వాత బోటులినమ్ విషం ఆక్రమించింది. నాడి చివర ఎసిటైల్‌కోలిన్ సంచులు బయటికి తెరుచుకోవడానికి కావలసిన ఎస్‌ఎన్‌ఏపీ-25 ప్రోటీన్‌ను అది కోసేస్తుంది. అమెరికాలో 2011లో నాడీ జబ్బుల వల్ల వచ్చే మూత్ర సమస్యకూ, 2013లో మామూలు అతిచురుకు మూత్రాశయానికీ అనుమతి వచ్చింది. కండరాన్ని పడుకోబెట్టే మందుగానే దీన్ని తీసుకొచ్చారు. తీరా చూస్తే సూది వేయించుకున్నవారి మూత్రాశయ గోడలోని నాడుల మీద పీ2ఎక్స్3, టీఆర్‌పీవీ1 రెండూ తగ్గాయి, ఆ ఊరటలో కొంత భాగం జ్ఞాననాడులు శాంతించడం వల్లనే వచ్చింది. దీని ప్రభావం కొన్ని నెలలకు తగ్గిపోతుంది, మళ్లీ సూది వేయించుకోవాలి. కొందరికి మూత్రం పూర్తిగా రాక తాత్కాలికంగా గొట్టం వాడాల్సి వస్తుంది.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ మందికి వర్తించే కథ షుగరుది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో అంచనా వేసింది. కళ్లు, కిడ్నీలు, పాదాలు చూపించుకోమని అందరూ చెబుతారు. మూత్రాశయం గురించి చెప్పేవారు తక్కువ.

రక్తంలో గ్లూకోజు దాదాపు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది, తనతోపాటు నీటిని లాక్కొస్తుంది. రోజుకు రెట్టింపు మూత్రాన్ని నెట్టాల్సి వచ్చిన కండరం మొదట మందమవుతుంది, బలపడుతుంది. ఈ దశలో రోగి చెప్పేది మాటిమాటికీ వస్తోందని, ఆపుకోలేకపోతున్నానని. మరోపక్క పేరుకున్న గ్లూకోజులో కొంత కణాల్లో సార్బిటాల్‌గా మారుతుంది, కొంత ప్రోటీన్లకు అతుక్కుని వాటిని బిరుసెక్కిస్తుంది, కణాల విద్యుత్ కేంద్రాలైన మైటోకాండ్రియాల నుంచి హానికరమైన ఆక్సిజన్ రూపాలు ఎక్కువగా వెలువడతాయి. నాడులకు రక్తం మోసే సన్నని నాళాలు దెబ్బతింటాయి, ఎన్‌జీఎఫ్ తగ్గుతుంది. ఏళ్ల తరబడి బరువు లాగిన ఎద్దు ఒకరోజు కాడి కిందే కూలబడినట్టు, బలిసిన ఆ కండరమే చివరికి నీరసించిపోతుంది. నిండినట్టు తెలియదు, వెళ్లినా సగం లోపలే మిగిలిపోతుంది, మిగిలిన తీపి మూత్రంలో క్రిములు పెరుగుతాయి. నిండిపోయిన సంచి పొర్లి చుక్కలు చుక్కలుగా కారుతుంది.

పైకి కనిపించేది మొదటి దశలోనూ, చివరి దశలోనూ ఒకటే: మాటిమాటికీ వెళ్లడం, కారిపోవడం. లోపలి కారణాలు పూర్తిగా ఎదురెదురు. మొదటివారికి మేలు చేసే ఎసిటైల్‌కోలిన్ వ్యతిరేక మాత్ర రెండోవారికి ఇస్తే మిగిలిన కాస్త శక్తీ పోతుంది. మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌తో చూస్తే తేడా చాలావరకు తేలిపోతుంది. అయిదు నిమిషాల పని. అయినా అది చేయకుండానే మాత్రలు మొదలవడం మామూలైపోయింది. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మందులు గ్లూకోజును కావాలనే మూత్రంలోకి పంపుతాయి. అవి మొదలుపెట్టిన వారంలోనే మూత్రం ఎక్కువైతే మూత్రాశయాన్ని అనుమానించే ముందు మందుల చీటీ చూడాలి.

ప్రొస్టేట్ పెరిగినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టెరాన్ ఆ గ్రంథిని పెంచుతుంది. ఫినాస్టరైడ్ ఆ మార్పును ఆపుతుంది కాబట్టి ఫలితానికి నెలలు పడుతుంది. టామ్సులోసిన్ మెడ దగ్గరి కండరాన్ని సడలిస్తుంది కాబట్టి కొద్ది రోజుల్లోనే ధార మెరుగుపడుతుంది. ఇరుకైన దారిలోంచి నెట్టే ప్రతిసారీ గోడలోని రక్తనాళాలు నలిగి రక్తం తగ్గుతుంది, వదిలాక మళ్లీ పొంగుతుంది. ఈ దెబ్బలకు నాడులు కొన్ని చచ్చిపోతాయి, కండరం మధ్య కొల్లాజెన్ అనే నార ప్రోటీన్ పేరుకుంటుంది. ఆపరేషన్‌తో అడ్డు తొలగించినా కొందరికి ఆపుకోలేని బాధ పోకపోవడానికి కారణం గోడలో వచ్చిన ఈ మార్పులే.

మళ్లీ మళ్లీ మూత్రంలో మంట వచ్చే స్త్రీల సంగతి వేరు. ఈ.కోలి బ్యాక్టీరియా వెంట్రుకల్లాంటి పోగుల కొనల్లో ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్ ఉంటుంది. గొడుగు కణాల మీది యూరోప్లాకిన్‌కు ఉన్న చక్కెర గొలుసులను అది పట్టుకుంటుంది. బ్యాక్టీరియా అంతటితో ఊరుకోదు, కణం లోపలికి దూరి గుంపులుగా పెరుగుతుందని ఎలుకల మీద ప్రయోగాల్లో 2003లో చూపించారు. యాంటీబయాటిక్ మూత్రాన్ని శుభ్రం చేస్తుంది, కణంలో దాక్కున్నది మిగిలిపోవచ్చు. ఈ పట్టును విడదీస్తుందని అమ్ముతున్న డీ-మానోజ్ అనే చక్కెర పొడిని బ్రిటన్‌లో పెద్ద సంఖ్యలో స్త్రీల మీద పరీక్షించి 2024లో ఫలితం ప్రకటించారు. కొత్త ఇన్ఫెక్షన్లను అది తగ్గించలేదు. కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా అంతే.

రాత్రి పదే పదే లేవాల్సి రావడానికి చాలాసార్లు మూత్రాశయంతో సంబంధమే ఉండదు. నిద్రలో మెదడు నుంచి ఎక్కువగా వచ్చే వాసోప్రెసిన్ అనే హార్మోన్ కిడ్నీలో ఆక్వాపోరిన్-2 అనే నీటి ద్వారాలను తెరిపించి నీటిని వెనక్కి తీసుకుంటుంది. వయసు మీద పడితే ఈ రాత్రిపూట పెరుగుదల తగ్గుతుంది. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి చేరి కిడ్నీకి వెళ్తుంది. పెద్దవారిలో రోజంతా వచ్చే మూత్రంలో మూడో వంతుకు మించి రాత్రే వస్తుంటే సంచిని సడలించే మాత్రతో ఒరిగేది తక్కువ. మూడు రోజులు ఏ వేళకు ఎంత వచ్చిందో కొలిచి రాసుకుంటే ఇది తెలిసిపోతుంది.

ఇక మాత్రల దగ్గరికి వస్తే, ఆక్సీబ్యుటినిన్ 1975 నుంచి వాడుకలో ఉంది. లాలాజల గ్రంథులు, పేగులు, మెదడు కూడా మస్కరినిక్ గ్రాహకాలతోనే పనిచేస్తాయి కాబట్టి నోరు ఎండడం, మలబద్ధకం, మతిమరుపు తోడుగా వస్తాయి. ఇలాంటి మందులు దీర్ఘకాలం వాడిన వృద్ధుల్లో డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) ఎక్కువగా కనిపించిందని పరిశీలనలు ఉన్నాయి. మందే కారణమని అవి నిరూపించలేవు, కానీ జాగ్రత్తపడటానికి చాలు. బీటా-3 గ్రాహకాన్ని కదిలించే మిరాబెగ్రాన్ 2011లో జపాన్‌లో మొదలైంది. అది నోటినీ మతినీ దాదాపుగా ముట్టుకోదు, బీపీని మాత్రం కాస్త పెంచవచ్చు.

ఎసిటైల్‌కోలిన్ లెక్క తప్పడం అన్నిటికంటే విడ్డూరంగా కనిపించేది అల్జీమర్స్ ఉన్నవారి చీటీల్లో. జ్ఞాపకశక్తి కోసం ఒక డాక్టరు డోనెపెజిల్ రాస్తాడు. అది ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది, పురుగుమందు చేసే పనే కానీ అదుపులో, కొలతలో. ఎసిటైల్‌కోలిన్ పెరిగి కొందరికి మూత్రం ఆపుకోలేని స్థితి వస్తుంది. ఇంట్లోవాళ్లు మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఆక్సీబ్యుటినిన్ రాస్తాడు, అది ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది, మెదడులో కూడా. ఒకే మనిషి ఉదయం దాన్ని పెంచే మాత్ర, రాత్రి దాన్ని ఆపే మాత్ర మింగుతుంటాడు. ఈ వరుసను కెనడా పరిశోధకులు వేలాదిమంది వృద్ధుల మందుల రికార్డుల్లో గమనించి 2005లో ప్రచురించారు.